తొందరపడ్డ ఊదుబత్తి

నన్ను అందరూ ముక్కుసూటి మనిషి అంటారు. నిజానికి నాలో ఇంకా సూటిగా మిగిలింది ముక్కు ఒక్కటే. నడుము ఎప్పుడో వంగింది, చూపు చత్వారానికి లొంగింది. నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఈ ముక్కే నాకు పెద్ద శత్రువు. కంపు నాకు పడదు. ఇన్నేళ్లు వార్డుల్లో తిరిగాక కూడా పడదు. "అలవాటైపోతుంది లెండి" అనేవాళ్లను నేను నమ్మను. అలవాటు పడేది ముక్కు కాదు, ముఖం. లోపల పేగులు లుంగ చుట్టుకుపోతున్నా పైకి ఏమీ కనపడనివ్వని ముఖం. నేను పిల్లలకు నేర్పగలిగింది కూడా అంతే.

మా కాలేజీ హసన్‌పర్తి దారిలో ఉంది. అక్కడి ల్యాబులో ఒక రబ్బరు బొమ్మ మంచం మీద పడుకుని ఉంటుంది. దాని ఎడమ చెయ్యి ఊడిపోతే ప్లాస్టరు చుట్టి అతికించాం. చావబోయే రోగిని చూసుకోవడం ఎలాగన్న పాఠం ఆ బొమ్మ మీదే. పాపం, అది ఎన్ని బ్యాచ్‌ల చేతిలో చచ్చిందో! పిల్లలు దాని కళ్లు మూస్తారు, దవడ కడతారు, కాలి బొటనవేళ్లు కలిపి కడతారు, దుప్పటి కప్పి మార్కులు తీసుకుని వెళ్లిపోతారు. మనిషి పోయాక చేయాల్సినవన్నీ పుస్తకంలో వరస పెట్టి ఉంటాయి. పోయేలోపు చేయాల్సిందానికి మాత్రం 'రోగిని గౌరవముగా చూడవలెను' అని ఒక వాక్యం పడేసి ఊరుకున్నారు. పిల్లలూ పరీక్షలో అదే రాస్తారు, మేమూ టిక్కు కొడతాం. బొమ్మకు కంపుండదు. పైగా అది మన మొహం వంక చూడదు.

చూసే మనిషి మాకు హనుమకొండలో ఒక ఆసుపత్రిలో దొరికింది. పిల్లల్ని అక్కడి ఆడవాళ్ల వార్డులో పనికి వేశారు, నేను వాళ్ల వెంట. వార్డు మధ్యలో, కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ. రొమ్ము క్యాన్సరు పుండై బయటికి పగిలింది. మందులకు లొంగే దశ దాటిపోయింది. కూతురు ఆమెను అవ్వా అని పిలిచేది, అలా ఆమె వార్డు మొత్తానికీ అవ్వ అయింది. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. మగ్గం పోయాక కూతురు పవర్‌లూమ్ షెడ్డుకు పనికి పోతోంది. ఉండేది కిరాయి గది. "నా ఇంట్ల పీనుగ లేవద్దు, ముందే తీస్కపోండ్రి" అని ఓనరు చెప్పాడట. ఆమె ఇంకా నడుస్తూ, నీళ్లు పట్టుకుంటూ ఉండగానే చెప్పాడట. అందుకని అవ్వ ఆసుపత్రికి వచ్చింది. బాగవడానికి కాదు, కిరాయి ఇంటి మర్యాద కాపాడటానికి.

ఆ పుండు వాసన వార్డు గుమ్మం దగ్గరే ఎదురొచ్చి పలకరించేది. మొదటి రోజు నా వెంట ఉన్న పిల్ల, రోజూ నెక్కొండ నుంచి రైల్లో వచ్చేది, కట్టు విప్పగానే చేత్తో నోరు మూసుకుంది. అవ్వ కళ్లు తెరిచి చూసింది.

"పో బిడ్డా, పోయి కక్కుకో. నన్ను జూస్తె నాకే కక్కొస్తది" అంది.

నెక్కొండ పిల్ల పరుగెత్తింది. నేను పరుగెత్తలేదు, మోకాళ్లు సహకరించక.

సాయంత్రం పిల్లల్ని మెట్ల దగ్గర కూర్చోబెట్టి ఒకే నియమం చెప్పాను. మాస్కు వేసుకోండి, కానీ అన్ని మంచాల దగ్గరా వేసుకోండి. ఆమె ఒక్కదాని దగ్గరే వేసుకోవద్దు. చెయ్యి ముక్కు మీదికి పోవద్దు, కాలు వెనక్కి పోవద్దు. "ముక్కు మూసుకుని చేసేది తపస్సు. మనం చేసేది డ్రెస్సింగు" అన్నాను. పిల్లలు నవ్వారు. నవ్వితే నాకు పాఠం బాగా చెప్పానన్న భ్రమ కలుగుతుంది.

కానీ ఆ నియమం వార్డులో ఇంకెవరికీ లేదే! పెద్ద డాక్టరుగారు రౌండుకు వచ్చి పక్క మంచం దగ్గరే ఆగి, అక్కడి నుంచే కేసు షీటును "ఎట్లున్నవమ్మా?" అని అడిగేవారు. కేసు షీటు బానే ఉండేది. పక్క మంచాల బంధువులు అవ్వకు వినపడేట్టుగానే చవక సెంటు సీసాలు చిమ్ముకునేవాళ్లు. మల్లెపూల సెంటు ఆ పుండు వాసనతో కలిస్తే వచ్చేదాన్ని ఏమనాలో నాకు తెలిసిన ఏ భాషలోనూ మాట లేదు. నాకు తెలిసింది ఒకటిన్నర భాషే అనుకోండి.

కూతురు మధ్యాహ్నం వచ్చేది. మంచం కాళ్ల దగ్గర నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, టిఫిన్ డబ్బాను చెయ్యి చాచి బల్ల మీద పెట్టేది. "తిన్నవానే?" అనేది కొంగులోంచి. "తిన్న. పో, షెడ్డుకు ఆలస్యమైతాంది" అని అవ్వ కిటికీ వైపు తిరిగేది. దగ్గరికి రావద్దని అవ్వే చెప్పిందట. చెప్పగానే కూతురు వినేసింది. పెద్దలు చెప్పిన మాటల్లో మనకు అనుకూలంగా ఉన్నవాటిని మనమంతా అట్లాగే శ్రద్ధగా వింటాం.

అప్పుడే కార్యక్రమం వచ్చి పడింది. చివరి దశ రోగులను గౌరవంగా సాగనంపడం గురించి ఆ వార్డులోనే అవగాహన సభ పెట్టాలని మా ప్రిన్సిపాల్‌కు ఆలోచన వచ్చింది. కాలేజీ చైర్మన్‌గారు వస్తారు, ఫోటోగ్రాఫరు వస్తాడు. ఫ్లెక్సీకి వాక్యం కావాలన్నారు. నాకున్న ప్రాస రోగం సంగతి కాలేజీలో అందరికీ తెలుసు కాబట్టి నన్నే అడిగారు. 'పోయేవారి పరువు, మనకు కాదు బరువు' అని రాసిచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే పరువుకూ బరువుకూ నడుమ చైర్మన్‌గారి ముఖం, రెండింటినీ మోస్తున్నట్టు.

ఫ్లెక్సీ చూసిన వార్డు ఇన్‌చార్జి సిస్టర్ నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, శుక్రారం మీవోళ్ల ప్రోగ్రాం గద. ఈమెను అటెన్క అర్రల ఏపిస్తాన. సార్లు కూసుండాలె, ఫోటోలు దిగాలె. ఈ వాసనల ఎట్లయితది?"

అటెన్క అర్ర అంటే బెడ్‌పాన్లు కడిగే చోటుకు ఆనుకుని ఉన్న గది. విరిగిన స్టూళ్లు, సెలైన్ డబ్బాల అట్టపెట్టెలు, కిటికీ లేదు. గౌరవంగా చావడం గురించి సభ. ఆ వార్డులో చావబోతున్నది ఒక్క మనిషి. సభ కోసం ఆమెను పాయిఖానా పక్కకు జరపాలి. ఆ క్షణంలో నాకు పుట్టిన రోతకు పుండుతో సంబంధం లేదు. పుండు తన పని తాను చేస్తోంది, దానికి ప్రాసలు రావు.

సిస్టర్ మాట అవ్వ చెవిన పడింది. సాయంత్రం నా చెయ్యి పట్టుకుంది.

"ఆ అర్రలకు తోలకుండ్రి మేడం. గీ ఎదురుంగ మంచమామెను గట్లనే తీస్కపోయిండ్రు, మల్ల రాలే."

"ఏం కాదవ్వా" అన్నాను. నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే పనికిరాని మాట అది.

"సావంటె బుగులు లేదు నాకు. సప్పుడు లేకుంటెనే బుగులు. పుట్టిన కాడికెల్లి మగ్గం సప్పుడుల పండుకున్నదాన్ని. మగ్గం ఆగిందంటె మా ఇంట్ల ఏదో ఒకటి అయినట్టే. గీడ మంది ఉన్నరు, లొల్లి ఉన్నది, మంచిగున్నది. మంది నడుమ పోనియ్యుండ్రి నన్ను."

ఆమె అడిగింది అదొక్కటే. నేను ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, పది మందితో మాటలు పడి విసిగిన మనిషి. "వాసన లేకుంటె నాకేంది మేడం, ఉంచుకోండ్రి. వాసనొచ్చిందా, శుక్రారం పొద్దుగాల్నే తోలిపిస్త" అంది.

ఆ మాటను పిల్లలకు చెప్పాను. నేను ఎన్ని గంటలు వాగినా నేర్చుకోని వాళ్లు ఆ ఒక్క మాటకు నేర్చుకున్నారు. ముందు నొప్పి మందు ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగారు. పాత కట్టును పీక్కుండా సెలైన్ నీళ్లతో నాననిచ్చి, దానంతటది వదిలాక తీశారు. కంపు తగ్గడానికి డాక్టరును అడిగి రాయించుకున్న మాత్రల్ని మెత్తగా నూరి పుండు మీద చల్లారు. పైన మందంగా గాజుగుడ్డ, మంచం కింద పళ్లెంలో బొగ్గులు. బొగ్గు వాసనను పీలుస్తుందని నేను చెబితే, నెక్కొండ పిల్ల ఆసుపత్రి ముందరి ఇస్త్రీ బండి దగ్గరికి పోయి తెచ్చింది.

"ఇస్త్రీ ఆయన అడుగుతాండు మేడం, దవాఖాన్ల బట్టలు గూడ నువ్వే ఇస్త్రీ చేస్తవా అని."

"ఏమన్నవ్?"

"మా మేడం చీర జూస్తె తెల్వదా, మాకు ఇస్త్రీ రాదని అన్న."

నా చీర వంక చూసుకున్నాను. పిల్ల చెప్పింది నిజమే.

ఒకటి రెండు కట్లు మార్చేసరికి ఆ పిల్ల చేతులకు నెమ్మది వచ్చింది. అవ్వ ఆమెతో పరాచికాలకు దిగింది.

"గింత పైలంగ జేస్తానవ్. నీ మొగనికి గూడ గిట్లనే జేస్తవా?"

"నాకింక పెండ్లే కాలే అమ్మమ్మా."

"అయితె బతికిపోయిండు తియ్."

కంపు పోలేదు. గుమ్మం దగ్గరి నుంచి వెనక్కి తగ్గుతూ తగ్గుతూ మంచం అంచు దాకా వచ్చి ఆగింది. శుక్రవారం పొద్దున ఇన్‌చార్జి వచ్చి గాలి పీల్చి చూసింది. పెళ్లిళ్లలో పప్పు రుచి చూసే పెద్దమనిషిలా నిలబడి, "సరే, ఉండనియ్యుండ్రి. కాని తెర అడ్డం పెట్టుండ్రి, సార్లకు కనవడద్దు" అంది. దొరికిందే చాలనుకుని చైర్మన్‌గారికి ఎదురెళ్లడానికి నేను కిందికి దిగాను. తరవాత జరిగింది నాకు నెక్కొండ పిల్లే ఏడుస్తూ చెప్పింది.

కార్యక్రమం కోసమని ఆసుపత్రి బీరువాలోంచి కొత్త తెల్ల దుప్పట్లు తీశారు. అవ్వ నొప్పి మందుకు నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పిల్లలు ఆమెకు మెడ దాకా తెల్ల దుప్పటి కప్పారు. అందరూ కుర్చీలు వేస్తుంటే నెక్కొండ పిల్ల ఒక్కతే తెర లోపల మిగిలింది. వంగి చూస్తే దానికి ఇంకా కొంచెం వాసన తగిలింది. సార్లకు కూడా తగిలితే అవ్వను అర్రలో వేస్తారనుకుంది. సంచిలో ఊదుబత్తీల పెట్టె ఉంది, హాస్టల్లో స్నేహితురాలికి తెచ్చింది. నాలుగు ముట్టించి, బల్ల మీది అరటిపండుకు గుచ్చి, అవ్వ తలాపున పెట్టింది.

ఇంకే దేశంలోనైనా అది పరిమళం కోసం చేసిన పని అవుతుంది. మన దగ్గర తెల్ల దుప్పటి, తెరిచిన నోరు, తలాపున అరటిపండుకు గుచ్చిన ఊదుబత్తులు ఉంటే ఎవరూ ఇంకేమీ అడగరు.

కూతురు ఆ రోజు షెడ్డులో అడిగి పెందలాడే వచ్చింది. తెర తొలగించింది. టిఫిన్ డబ్బా కింద పడిన చప్పుడు మెట్ల మీదున్న మాకు వినిపించింది. వెంటనే "అవ్వో! నన్నిడిసి పోతివా అవ్వో!" అని ఒక్క అరుపు. ఆ అరుపుకు పక్క మంచాల వాళ్లు లేచి ముక్కు చీదడం మొదలుపెట్టారు. సెంటు చిమ్ముకున్న వాళ్లే ముందు ఏడ్చారు.

మేం గుమ్మంలోకి వచ్చేసరికి దృశ్యం సిద్ధంగా ఉంది. చైర్మన్‌గారు ఎవరినీ ఏమీ అడగలేదు. శుభానికి పెట్టుకున్న ముఖాన్ని అశుభానికి మార్చడానికి ఆయనకు పట్టినంత సేపట్లో నేను కళ్లజోడు కూడా సవరించుకోలేను. కింద మేమేసిన బంతిపూల దండను మెడలోంచి తీసి, వెళ్లి అవ్వ కాళ్ల మీద పెట్టి, చేతులు జోడించి తల వంచారు. ప్రిన్సిపాల్ అందరికీ నిలబడమని సైగ చేశారు.

"సార్, జర గిటు జూడుండ్రి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

దుప్పటి లేస్తూ పడుతూ ఉంది. నాకు కనపడింది. "సార్, ఆమె బతికే..." అన్నాను.

"ష్! మౌనం పాటిస్తున్నాం మేడం" అన్నారు ప్రిన్సిపాల్.

ఆ మౌనంలో అవ్వ కళ్లు తెరిచింది. మగ్గం ఆగిపోయినప్పుడల్లా ఆమెకు మెలకువ వచ్చేది కాబోలు.

"ఏందిది సప్పుడు లేదు? ఎవలు పోయిండ్రే?"

కూతురు ఆమె మీదే పడి ఉంది. చెంప సరిగ్గా ఆ కట్టు మీద ఆనించి, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి. కొంగు ఎక్కడో నేల మీద ఉంది. అవ్వ ఆ తలను చూసింది, తలాపున పొగను చూసింది, అంతా అర్థమైనట్టుంది.

"సచ్చిన్నని దగ్గరికొచ్చినవా బిడ్డా" అంది. కోపంగా అనలేదు. ఉన్నమాటే అన్నట్టు అంది.

తరవాత కాళ్లు కదిపింది. "గీ దండెవలిది? తియ్యుండ్రి. బరువైతాంది."

చైర్మన్‌గారు గొంతు సవరించుకుని, "ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలమ్మా" అని దీవించి, ఫ్లెక్సీ ముందుకు నడిచి మరణ గౌరవం మీద చక్కగా ప్రసంగించారు. చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా కలిశాయి, జీతం చేతులు కదా. నోట్లో మాత్రం ఏదో కుళ్లింది నమిలినట్టయింది. మనిషి బతికుండగా మంచం దూరం నుంచి పలకరిస్తాం, పోయిందనుకోగానే మీద పడతాం, పూలేస్తాం, ఫోటో దిగుతాం. ఆ పుండు కంపుకు మందు ఉంది. నూరి చల్లితే తగ్గింది.

నెక్కొండ పిల్లను బయటికి తీసుకెళ్లి తిట్టాను, పక్క మంచానికి ఆక్సిజన్ సిలిండరు ఉండగా నిప్పు ముట్టించినందుకు. అది ఎంత ప్రమాదమో ముందే నేర్పాను కాబట్టి గట్టిగానే తిట్టాను. "వాసనొస్తె అమ్మమ్మను తీస్కపోతరని భయమైంది మేడం" అని వెక్కింది. నా తిట్లు అక్కడికి ఆగిపోయాయి. ఆ పెట్టె పారెయ్యమని మాత్రం చెప్పాను.

సభ ముగిసి సమోసాలు అయిపోయాక ఇన్‌చార్జి ఇద్దరు ఆయాలతో, చక్రాల మంచంతో వచ్చింది.

"గింత లొల్లి అయినంక ఇంక ఈడ ఉంచుతరా? జరుగమ్మా, అర్రల ఏస్తం."

కూతురు మంచం దిగలేదు. పొద్దున పడిన చోటే లేచి కూర్చుని ఉంది, తల్లి చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"ఎందుకెయ్యాలె?"

"వాసనొస్తాంది గద. అందరికీ ఇబ్బంది."

"వాసనొచ్చినోళ్లే పోండ్రి ఆ అర్రలకు. మా అవ్వ మంది నడుమనే ఉంటది. తీస్కపోతె నన్ను గూడ గీ మంచం మీదనే తీస్కపోండ్రి, సూద్దాం."

ఇన్‌చార్జి నా వంక చూసింది. నేను ఎంతో ధైర్యంగా కూతురి వెనక నిలబడ్డాను. చక్రాల మంచం ఖాళీగా వెనక్కి పోయింది.

మర్నాడు ఫోటో మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కాళ్ల మీద దండ, వంచిన తల, వెనక నా ప్రాస. కింద వరసగా ఓం శాంతులు, దండం పెట్టే చేతులు, కన్నీటి బొమ్మలు. సభలో నా పక్కనే నిలబడి అవ్వ మాట చెవులారా విన్నవాళ్లు కూడా ఓం శాంతి పెట్టారు, చైర్మన్‌గారు గ్రూపులో ఉన్నారని. నేనది చదువుతున్నప్పుడు అవ్వ నా ఎదురుగా చాయలో బ్రెడ్డు ముంచుకు తింటోంది. నా భుజం మీదుగా ఫోన్లోకి చూసిన కూతురు ఆపుకోలేక ఆ సంగతి తల్లికి చెప్పేసింది.

"మందెందరు ఏడ్సిండ్రటనే?" అంది అవ్వ.

"షానామంది."

"ఇప్పుడే ఏడ్సేసిరి. మల్ల ఇంకోపారి ఏడుస్తరో ఏడ్వరో" అని బ్రెడ్డు ఇంకో ముక్క అడిగింది.

ఫ్లెక్సీని వార్డు వాళ్లు వాన పడకుండా మోటర్‌సైకిళ్ల మీద కప్పుకున్నారు. పరువు ఒక బండి మీదా, బరువు ఇంకో బండి మీదా పడ్డాయి.

ఆ తరవాత కూతురు కట్టు మార్చేటప్పుడు పక్కన కూర్చునేది. మొదట్లో ఆమెకూ కడుపులో తిప్పింది. నెక్కొండ పిల్ల పాత కాపులా "పోయి కక్కుకో అక్కా, ఏం గాదు. మల్ల రా" అని పంపేది. ఆమె మళ్లీ వచ్చేది. ఆ 'మల్ల రా' అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు. బొమ్మ దగ్గర ఆ పాఠం చెప్పలేం.

అవ్వ పోయింది మధ్యాహ్నం, అన్నాల వేళ. ఎవరి ఫోన్లోనో సీరియల్ గట్టిగా నడుస్తోంది. చార్జర్ పెట్టుకునే చోటు కోసం ఇద్దరు ఆడవాళ్లు కొట్లాడుకుంటున్నారు. కూతురు తల దువ్వుతుంటే, ఆ లొల్లి నడుమే, దువ్వెన కింద తల బరువెక్కింది. కూతురు అరవలేదు. అప్పటికే అరిచేసింది కదా. నా పిల్లలు కళ్లు మూశారు, దవడ కట్టారు. అన్నీ ల్యాబులో చేసినవే. కానీ ప్రతిదానికీ ముందు "అమ్మమ్మా, దవడ కడుతున్న" అని చెప్పి చేశారు. అలా చెప్పమని నేను నేర్పలేదు.

"జర జల్దీ కానియ్యుండ్రి, బెడ్ కావాలె" అని ఇన్‌చార్జి దూరం నుంచి కేకేసింది. ఆవిడ చెయ్యి అలవాటుగా ముక్కు మీదుంది. ఆ సమయానికి అక్కడ పౌడరు వాసన తప్ప ఏమీ లేదు.

ఓనరు మాట మీదే ఉన్నాడు. కిరాయి ఇంటికి తీసుకుపోయే వీల్లేదు కాబట్టి బండి నేరుగా శ్మశానానికే. ఆసుపత్రి గేటు బయట, రోడ్డు పక్కన బండి ఆపించి కూతురు దిగింది. నలుగురు షెడ్డు వాళ్లు, మేము. గ్రూపులో ఓం శాంతులు పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఇంటి ముందటైతె దీపం పెడుదుము" అంది ఎటో చూస్తూ. తరవాత నెక్కొండ పిల్ల వైపు తిరిగింది. "ఊదుబత్తులున్నయా బిడ్డా?"

పిల్ల నా వంక చూసింది. సంచిలో చెయ్యి పెట్టాలా వద్దా అని ఆ చెయ్యి ఆగి ఉంది. పారెయ్యమన్న పెట్టె పారెయ్యలేదని నాకు అర్థమైంది. నేను రోడ్డు దాటి చాయ్ బండి దగ్గర అగ్గిపెట్టె అడిగి తెచ్చి ఇచ్చాను.

"ఇగ ముట్టియ్" అంది కూతురు.